బండికి కుట్టిన చెవులు

మా అమ్మాయి బండిని సామాన్లెత్తేవాళ్ళు విసిరెయ్యడం నేను నా కళ్ళతో చూశాను. విమానం కిటికీలోంచి, సీటు బెల్టు పెట్టుకుని, ఏమీ చెయ్యలేని చోట కూర్చుని చూశాను. కోపం చల్లారాక రాద్దాంలే అనుకుంటే రెండేళ్ళు గడిచిపోయాయి. చల్లారలేదు. ఇక ఇలాగే రాసేస్తున్నాను.

మేం ఇంట్లో బండి అనేదాన్ని విమానాల వాళ్ళు స్ట్రోలర్ అంటారు. పుట్టినప్పుడు మా అమ్మాయికి ఊపిరి ఆలస్యంగా అందింది. మాటకేం లోటు లేదు, నాలాగే నోరు ఎక్కువ. కాళ్ళు మాత్రం బిగుసుకుపోయి ఉంటాయి, నడుం తనంతట తాను నిలవదు. నాలుగో ఏడు వచ్చాక ఆస్పత్రి వాళ్ళు ఈ బండి చేయించి ఇచ్చారు. వీపు ఎంత ఒరగాలి, కాళ్ళ కింద పలక ఎంత ఎత్తులో ఉండాలి, పక్కల దిళ్ళు ఎంత మందం ఉండాలి, అన్నీ పిల్లని కూర్చోబెట్టి కొలిచి బిగించారు. అంతవరకూ దానికి లోకం అంటే ఇంటి కప్పే. మంచం మీద వెల్లకిలా పడుకుని ఫ్యాను రెక్కలు లెక్కపెట్టేది. బండి వచ్చాక టెక్కలిలో మా వీధి చివరి బడికి వెళ్ళింది. మిగతా పిల్లల బల్ల ఎత్తుకి సరిగ్గా కూర్చుంది. వారం తిరక్కుండా పక్క పిల్ల పెన్సిలు లాక్కుందని టీచరు నాకు కబురు పెట్టింది. ఆ ఫిర్యాదు విని ఇంటికొచ్చి పాయసం వండాను. ఆ బండికి ఏమైనా అయితే పిల్ల మళ్ళీ కప్పు చూసుకుంటూ పడుకోవాల్సిందే. ఇది అర్థమైతే నా కోపం అర్థమవుతుంది.

ఆ ఆస్పత్రి చాలా దూరం. ఆరు నెలలకోసారి వెళ్ళాలి. పలాసలో రైలెక్కితే ఒక పగలూ ఒక రాత్రీ ప్రయాణం. ఒకసారి వెళ్ళి చూశాం. దిగేసరికి పిల్ల కాళ్ళు కర్రల్లా బిగిసిపోయి, ముట్టుకుంటే ఏడ్చింది. ఇంకెప్పుడూ రైల్లో తేవద్దని డాక్టరు మమ్మల్నే చీవాట్లు పెట్టాడు. అప్పట్నుంచి కారులో విశాఖ వెళ్ళి అక్కడ విమానం ఎక్కుతున్నాం. రెండు గంటల్లో దిగిపోతాం.

బండితో మొదటిసారి విమానం ఎక్కినప్పుడు నాకేం తెలీదు. తలుపు దాకా పిల్లని బండిలోనే తోసుకెళ్ళొచ్చు, అక్కడ మడిచి ఇచ్చేస్తే వాళ్ళు కింద సామాన్లలో పెడతారు అన్నారు. ఎంత మంచివాళ్ళో అనుకున్నాను. పిల్లని ఒక చంకన ఎత్తుకుని రెండో చేత్తో వాళ్ళు చూపించిన చీటీ మీద సంతకం గీకాను. దిగాక చూస్తే కాళ్ళ పలక విరిగి వేలాడుతోంది, ముందు చక్రం పక్కకి వంకర పోయింది. కౌంటర్లో కూర్చున్న అమ్మాయి చీటీ వెనక్కి తిప్పి చూపించింది. చీమ తలంత అక్షరాల్లో, దెబ్బ తగిలితే మాకు సంబంధం లేదు అని రాసుంది.

"మీరు సంతకం పెట్టారు కదా మేడమ్," అంది.

మాకు ఇది చక్రాల కుర్చీ లాంటిదమ్మా, పిల్ల నడవలేదు అని చెప్పాను. చక్రాల కుర్చీ అయితే రూలు వేరట. ఇది పిల్లల బండి కిందికి వస్తుందట. కంప్యూటర్లో అలాగే ఉందట. ఆ తర్వాత డ్రాయరు లాగి మా పిల్లకి ఒక చాక్లెట్ ఇచ్చింది. అరికాలి మంట నెత్తికెక్కడం అంటే ఏమిటో నాకు ఆ చాక్లెట్ చూశాకే తెలిసింది. కాళ్ళు విరగ్గొట్టి చాక్లెట్ ఇచ్చే లోకంలో ఉన్నాం మనం. మా ఆయన నా భుజం పట్టుకుని పక్కకి లాగకపోతే ఆ పూట ఏం జరిగేదో నేను చెప్పలేను.

టెక్కలి తిరిగొచ్చాక వెల్డింగు షాపులో చక్రం సరిచేయించాం. పలక మాత్రం ఆస్పత్రి నుంచే రావాలి. నెలన్నర పట్టింది. ఆ నెలన్నరా బడి లేదు. నేను వంట చేసుకుంటూ ఉంటే గదిలోంచి పిల్ల గొంతు వినిపించేది, ఫ్యాను రెక్కల్ని మళ్ళీ లెక్కపెడుతూ.

రెండోసారి అలా జరగనివ్వకూడదని పట్టుబట్టాను. ఫోన్లో వీడియోలన్నీ చూశాను. బుడగల కవరు చుట్టండి, మెత్తటి సంచి కొనండి, ఊడొచ్చే భాగాలు చేతిలో పెట్టుకోండి, ఇచ్చే ముందు నాలుగు వైపులా ఫోటోలు తీసుకోండి. తల్లులు, ఎన్నో దేశాల తల్లులు, ఓపిగ్గా చెబుతున్నారు. చూసిన కొద్దీ నాకు ఒళ్ళు మండింది. వాళ్ళు విరగ్గొట్టకుండా మనం ఎలా చుట్టుకోవాలో అందరూ నేర్పుతున్నారు. విరగ్గొట్టకుండా ఎలా మొయ్యాలో మోసేవాళ్ళకి నేర్పే వీడియో ఒక్కటీ కనపడలేదు.

నేను ఆ మెత్తటి సంచి కొనబోతుంటే మా మావగారు అడ్డుపడ్డారు. ఆయనది ఉద్దానంలో సముద్రం ఒడ్డు ఊరు. కొబ్బరి, జీడి తోటలు చేస్తారు. తోటలు చేతికి రాకముందు, వయసులో ఉన్నప్పుడు, పలాసలో కళాసీ పని చేశారు. జీడిపిక్కల బస్తాలు, జీడిపప్పు పెట్టెలు లారీలకి ఎత్తడం, దించడం. మా కుటుంబంలో మూట కట్టడం అంటే ఆయనే. ఎవరి పెళ్ళి సామాను అయినా, దూరపు చుట్టాలకి పంపే కొబ్బరికాయలైనా, ఆవకాయ జాడీ అయినా ఆయన చేతి మీదుగా వెళ్ళాల్సిందే. ఆయన కుట్టిన మూట విప్పాలంటే కత్తి కావాలి, ఓపికా కావాలి.

"ఆ ప్లాస్టీకు సంచులెందుకమ్మా. నాను కడతాను సూడు," అన్నారు.

నాలుగు రోజులకి బస్సులో రెండు గోనెలు, ఒక పాత బొంత, బుట్టెడు కొబ్బరి పీచు వేసుకుని వచ్చేశారు. జీడిపిక్కలు పోసిన గోనె అయితే ఆ జీడి రసం అంటుకుని పిల్ల చర్మం బొబ్బలెక్కుతుంది. అడిగాను. ఆయన మొహం మాడ్చుకున్నారు. ధాన్యం గోనెలట, ఉతికి రెండు రోజులు ఎండలో పెట్టారట, ఆ మాత్రం తెలీకుండానే ముసలివాణ్ణి అయిపోయానా అన్నారు.

వరండాలో ఆ పని ఒక పూట సాగింది. చక్రాల మధ్య పీచు కూరారు. వీపు భాగానికి బొంత చుట్టారు. దాని మీద గోనెలు కప్పి, దబ్బనంతో పురికొస పోసి, అంగుళానికో కుట్టు చొప్పున బిగించారు. ఆఖర్న నాలుగు మూలల్నీ మెలిపెట్టి, తాడుతో గట్టిగా కట్టి చెవులు చేశారు. మా వైపు బస్తా కుడితే చెవులు లేకుండా కుట్టరు. చెవులు ఉంటేనే కళాసీ చేతికి పట్టు దొరుకుతుంది. చెవుల్లేని బస్తాని ముట్టుకోరు. మా అమ్మాయి మంచం మీంచి ఇదంతా చూస్తూనే ఉంది.

"తాతా, నా బండికి సెవులొచ్చినాయి," అని నవ్వింది.

ఆయన కూడా నవ్వారు. నేనూ నవ్వాను. ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు.

బయల్దేరిన రోజు కోటబొమ్మాళి దాటకముందే పిల్ల కారులో నిద్రపోయింది, నేను మాత్రం వెనక సీట్లో ఉన్న మూటని చూసుకుని ధైర్యంగా కూర్చున్నాను. విమానాశ్రయంలో అడుగుపెట్టాక తెలిసింది చేసిన తెలివితక్కువ పని. కుట్టేసిన మూట తలుపు దాకా తోసుకెళ్ళేది కాదు కదా. మొదటి కౌంటర్లోనే ఇచ్చెయ్యాల్సి వచ్చింది. పిల్లకి వాళ్ళు పెద్దవాళ్ళ చక్రాల కుర్చీ తెచ్చారు. అందులో అది జారి జారి కిందికి పోతోంది. గంటన్నర సేపు నేనూ మా ఆయనా మార్చుకుంటూ ఎత్తుకున్నాం. ఐదేళ్ళు నిండిన పిల్ల, కాళ్ళు వంగని పిల్ల. ఎవరో ఒకావిడ, అంత పిల్లని ఇంకా చంకనెక్కించుకుంటారా అని చనువుగా నవ్వింది. ఆవిడకి నేను చెప్పిన సమాధానం ఇక్కడ రాయను.

కిటికీ పక్క సీటు పిల్లది. విమానం కింద సామాన్ల బండి వచ్చి ఆగింది. సూట్‌కేసుల మధ్య మా గోనె మూట ఒక్కటే, దూరం నుంచి కూడా గుర్తుపట్టేలా ఉంది. ఇద్దరు మనుషులు దాని దగ్గరికి వచ్చారు. చెరో వైపూ రెండు చెవులు దొరకబుచ్చుకున్నారు. వాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు, చెవులే చెప్పేశాయి. ఒకసారి వెనక్కి, ఒకసారి ముందుకి ఊపారు. మూడో ఊపుకి వదిలేశారు.

"అమ్మా, నా బండిని ఊపుతన్నారు," అంది పిల్ల. ఉయ్యాల అనుకుంది. సంతోషంగా చెప్పింది.

నేను లేచాను. బెల్టు నన్ను లాగి కూర్చోబెట్టింది. కిటికీ అద్దం మీద అరచేత్తో కొట్టాను. ముందు సీటు ఆయన వెనక్కి తిరిగి చూశాడు. విమానంలో పనిచేసే అమ్మాయి వచ్చి మంచినీళ్ళు కావాలా అని అడిగింది.

దిగాక మూట వచ్చింది. ఒక చెవి ఊడిపోయింది. అక్కడే కత్తెర అడిగి కుట్లు తెంపి చూస్తే, వీపు ఆనే పలకకి ఉన్న మడత బందు రెండుగా విరిగి ఉంది. ఫిర్యాదు రాసుకునే ఆయన నా మాటలన్నీ విన్నాడు. లోపల పిల్లల బండి ఉందని మాకెలా తెలుస్తుందమ్మా, మూట కదా అన్నాడు. అందులో అబద్ధం లేదు. అదే నన్ను ఎక్కువగా కాల్చింది. ఆస్పత్రిలో బందుకి గుడ్డ కట్టి పంపించారు. కొత్తది రావడానికి రెండు నెలలు పడుతుందన్నారు. మళ్ళీ రెండు నెలలు కప్పూ, ఫ్యానూ.

ఆ కోపం అంతా మూటగట్టుకుని ఇంటికి తెచ్చాను. మావగారు మా కోసం ఎదురు చూస్తూ వరండాలోనే కూర్చుని ఉన్నారు. ఎలాగొచ్చింది అని అడిగారు, మెచ్చుకుంటామని. చిరిగిన గోనె ఆయన ముందు పడేశాను.

"సెవులెందుకు పెట్టినారు మావయ్యా? ఇసరమని మీరే సెప్పీసినట్టు కదా. జన్మంతా బస్తాలు ఇసిరినోళ్ళకి పిల్ల బండేటో, పిక్కల బస్తా ఏటో తెలస్తాదేటి?"

ఆ మాట అనాల్సింది కాదు. అన్నాను. మా ఆయన తల దించుకున్నాడు. మావగారు లేచారు. ఆ గోనెని చుట్టచుట్టి చంకలో పెట్టుకుని, అన్నం కూడా తినకుండా బస్టాండుకి నడిచి వెళ్ళిపోయారు. రెండు నెలలు టెక్కలి రాలేదు. నేనూ ఫోను చెయ్యలేదు. తప్పు నాదని తెలిసినా నా కోపం నన్ను చెయ్యనివ్వలేదు.

బందు వచ్చి బండి బాగుపడ్డాక పిల్ల తాత దగ్గరికి వెళ్దామని ప్రాణం తీసింది. ఒక ఆదివారం వెళ్ళాం. వాళ్ళ ఊరంతా ఇసుక. బండి చక్రాలు రెండడుగులకి కూరుకుపోతాయి. రోడ్డు మీంచి ఇంటి గుమ్మం వరకూ కొబ్బరి మట్టలు వరసగా పరిచి ఉన్నాయి. మేం వస్తున్నామని ఎవరు చెప్పారో, ఎప్పుడు పరిచారో అడగలేదు. బండి వాటి మీద టకటకలాడుతూ వెళ్ళింది. నా మొహంలోకి ఆయన చూడలేదు, ఆయన మొహంలోకి నేనూ చూడలేదు.

భోజనాలయ్యాక పిల్ల కునుకు తీసింది. జీడి చెట్టు నీడలో ఆయన తాడు పేనుతూ కూర్చున్నారు. నేను మజ్జిగ గ్లాసు ఇచ్చి వెనక్కి తిరగబోతుంటే అన్నారు.

"నువ్వన్నది నిజమేనమ్మా. నాను ఇసిరినోన్నే."

నేను నిలబడిపోయాను. ఆయన తాడు వైపే చూస్తూ చెప్పుకొచ్చారు. పలాసలో పప్పు పెట్టెల మీద, జాగ్రత్తగా దించమని, గ్లాసు బొమ్మ వేసి పంపేవారట. విసిరితే గుండు పప్పంతా లోపల ముక్కలైపోతుందని వీళ్ళందరికీ తెలుసట. అయినా విసిరేవారట. చెయ్యి నెప్పి, ఎండ, వెనక ఇంకో లారీ. ఒక్కసారి మాత్రం ఒక ముసలమ్మ తన కుట్టు మిషనుతో వచ్చి, లారీ దగ్గర దాని పక్కనే నిలబడి, ఎంత చెప్పినా కదల్లేదట. ఆ మిషన్ని నలుగురు కలిసి పసిపాపని దించినట్టు దించారట.

"ఆవిడి ఎదర ఎలగ ఇసర్తాం? ఎవులిదో తెలీకపోతేనే ఇసర్తాం," అన్నారు. "పెట్టి మీద ఎన్ని బొమ్మలేసినా మనిసి అగుపడడు కదమ్మా."

క్షమించండి అని నేను అనలేదు. ఆయనా ఆ మాట కోసం చూడలేదు. గ్లాసు ఖాళీ చేసి ఇచ్చారు. తర్వాతి ప్రయాణానికి మా ఆయనకి సెలవు లేదంటే, నేనొస్తాను అన్నారు. డెబ్భై ఏళ్ళ మనిషి, విమానం ఎప్పుడూ ఎక్కలేదు.

ఆ ప్రయాణానికి ముందు మళ్ళీ గొడవ పడ్డాం. బండికి ఏదీ చుట్టొద్దు అన్నారు ఆయన. గోనె వద్దు, ప్లాస్టిక్ వద్దు, నేను చివరికి కొనుక్కున్న మెత్తటి సంచీ వద్దు. నాకు పిచ్చెక్కింది. చుట్టినదాన్నే విరగ్గొట్టినవాళ్ళు ఉత్త బండిని వదులుతారా అని అరిచాను. ఆయన కాళ్ళ పలకా, దిళ్ళూ, పైన ఎండకి కప్పే గుడ్డా మాత్రం ఊడదీసి ఒక చేతిసంచిలో సర్దారు. విరిగేవి మన దగ్గర ఉంటాయి, మిగిలింది పిల్ల చూసుకుంటుంది అన్నారు. ఆ మాట నాకు అర్థం కాలేదు. మెత్తటి సంచిని మడిచి, ఆయనకి కనపడకుండా నా హ్యాండ్‌బ్యాగులో కుక్కాను.

విమానం తలుపు దగ్గర మమ్మల్ని ముందుగా పంపించారు. ఉద్యోగి అమ్మాయి బండి మడవమంది. మావగారు కదల్లేదు. ఇది ఎవరు మోస్తారో ఆయన్ని పిలవమ్మా అన్నారు. వెనక వరస పెరిగిపోతోంది. త్వరగా సార్ అని ఆవిడ రెండుసార్లు అంది. నా చెయ్యి బ్యాగులోని మెత్తటి సంచి మీదికి పోయింది. ఆయన నా మణికట్టు పట్టుకుని ఆపారు. కోడలి చెయ్యి ఆయన అంతకుముందెప్పుడూ ముట్టుకోలేదు.

చివరికి ఆవిడ పిలిస్తే పక్క మెట్ల మీంచి సామాన్లెత్తే మనిషి వచ్చాడు. యాభై దాటి ఉంటాయి, మీసం నెరిసింది, మెడలో చెవులు మూసుకునే సాధనం వేలాడుతోంది. పిల్ల ఇంకా బండిలోనే ఉంది.

"ఈ బండి ఈ గుంటది బావూ. గుంట నడవనేదు," అన్నారు మావగారు, పిల్ల తల మీద చెయ్యి వేసి. అంతే అన్నారు.

ఆ మనిషి పిల్ల వైపు చూశాడు. పిల్ల అతని వైపు చూసింది. అప్పటిదాకా ఉయ్యాల అనుకుంటోందని నేననుకున్న పిల్ల, చాలా స్పష్టంగా, "మావా, ఊపకు," అంది.

అతని మొహం మారింది. "ఊపనమ్మా," అన్నాడు.

నేను పిల్లని ఎత్తుకున్నాక అతనే బండి మడిచాడు. కిటికీలోంచి చూశాను. రెండు చేతుల మీద పట్టుకుని మెట్లు దిగాడు. విమానం కడుపులో ఉన్న ఇంకో మనిషికి అందిస్తూ ఏదో చెప్పి మా కిటికీల వైపు వేలు చూపించాడు. ఆ రెండో మనిషి తలెత్తి చూశాడు. దిగాక బండి ఒక్క గీత లేకుండా వచ్చింది. మావగారు నాలుగు చక్రాల్నీ అరచేత్తో తిప్పి చూసుకుని, తువ్వాలుతో కళ్ళు ఒత్తుకున్నారు. నా హ్యాండ్‌బ్యాగులో ముందే రాసి పెట్టుకున్న ఫిర్యాదు కాగితం ఉంది. దాన్ని ఏం చెయ్యాలో తెలీక అలాగే ఉంచుకున్నాను.

ఆస్పత్రిలో నాలుగు రోజులున్నాం. బయల్దేరే రోజు పొద్దున నర్సుతో పిల్ల ఏదో గుసగుసలాడుతోంది. ఆ ఊరి భాష మాకు రాదు. నర్సుకి తెలుగు కొంచెం వచ్చు. ఏం మాట్లాడుకుంటున్నారని అడిగితే నర్సు నవ్వింది. 'ఊపకండి' అని వాళ్ళ భాషలో ఎలా అనాలో చెప్పమందట. ఇక్కడ బండెత్తే మావలకి తెలుగు రాదు కదా అందట. కారులో విమానాశ్రయం చేరేవరకూ ఆ మాటే వల్లె వేసింది. ఒత్తు ఎక్కడ పడాలో డ్రైవరు దిద్దాడు.

తలుపు దగ్గర చీటీ మీద నేను సంతకం పెట్టాను. చీమ తలంత అక్షరాలు అలాగే ఉన్నాయి. పిల్ల బండెత్తే మనిషి కళ్ళలోకి చూసి ఆ మాట అంది. అతను ఆగి, తల ఊపి, జాగ్రత్తగా పట్టుకెళ్ళాడు.

విశాఖలో బండి బాగానే దిగింది. అందరూ నన్ను సంతోషించమన్నారు. మావగారు కూడా అన్నారు. నాకు సంతోషం రాలేదు, ఇప్పటికీ రావడం లేదు. ఆరేళ్ళు నిండని పిల్ల పరాయి భాషలో నేర్చుకున్న మొదటి మాట అది.